గరిటె పట్టే చేయి



గృహదర్శనములకు వెళ్ళినప్పుడు తలిదండ్రులు మాతో తరచుగా చెప్పుకొనే దిగులు ఒకటున్నది. "అయ్యగారూ, మావాడు లెక్కల్లో తప్పాడు. ఇక వీడు దేనికి పనికొస్తాడు?" అంటారు. ఆ మాట గుమ్మం దగ్గర నిలబడిన పిల్లవాడు వింటూనే ఉంటాడు. లెక్కలు రాకపోవుట కొరతే గాని, పనికిరానితనము కాదు.

క్రిస్మస్ విందుకు గుండిగ దగ్గర నిలబడి, ఎసరు చూచి, ఉప్పు సరిచేసే పిల్లలు మన సంఘాలలో ఉన్నారు. ఆ పనితనానికి చదువున్నది, జీతమున్నది. ఐ.టి.ఐ.లలో 'ఫుడ్ ప్రొడక్షన్', 'బేకర్ అండ్ కన్ఫెక్షనర్' అనే ట్రేడులు ఉన్నవి. పదవ తరగతి ప్యాసైతే చాలు, శిక్షణ 1 సంవత్సరము. అన్ని ఐ.టి.ఐ.లలో ఇవి ఉండవు కనుక ముందుగా విచారించవలెను. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీకైతే ఇంటర్ కావలెను. జాతీయ ప్రవేశ పరీక్షలో లెక్కల ప్రశ్నలు కూడా ఉంటాయి.

పదవ తరగతి గట్టెక్కుట ఎలా? లెక్కలలో 95 అక్కరలేదు, 35 చాలు. సప్లిమెంటరీ వ్రాయించండి. అదీ సాధ్యం కాకపోతే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అనగా ఎన్.ఐ.ఓ.ఎస్. ద్వారా పదవ తరగతి తెలుగులోనే వ్రాయవచ్చును. అక్కడ 5 సబ్జెక్టులు ప్యాసు కావలెను గాని, గణితము తప్పనిసరి కాదు.

వంటశాలలో లెక్కే లేదని మేము చెప్పుటలేదు. రొట్టె పిండికి 1 కిలో మైదాకు ఉప్పు 20 గ్రాములు, నీళ్ళు సుమారు 600 గ్రాములు. మరి 5 కిలోలకు ఎంత? నల్లబల్ల దగ్గర బెదిరే పిల్లవాడు త్రాసు దగ్గర బెదరకుండా చెప్పగలడు. చేతితో నేర్చిన లెక్క నిలిచిపోతుంది.

అయితే కష్టము దాచకూడదు. పెద్ద హోటలులో క్రొత్తవానిని 'కమీ' అంటారు. వాడు ముందుగా ఉల్లిపాయలు తరగాలి, గట్లు తుడవాలి. పొయ్యి సెగలో గంటల తరబడి నిలబడాలి. పండుగనాడే పని ఎక్కువ, ఆదివారము సెలవు దొరకకపోవచ్చు. ఇవన్నీ బిడ్డకు ముందే చెప్పండి.

"మావాడు వంటవాడా?" అని కొందరు చిన్నబుచ్చుకొంటారు. ఆడపిల్ల వండితే అది పనియే కాదంటారు. పది మందికి అన్నము పెట్టే పనిలో చిన్నతనమేమున్నది?

ఈ సెలవులలో మీ బిడ్డచేత పది మందికి సరిపడా పప్పు, అన్నము వండించి చూడండి. వండి, వడ్డించి, గిన్నెలు కడిగి, మరునాడు కూడా తానే వండుతానంటే, ఆ బిడ్డ త్రోవ మీకు తెలిసినట్టే. ఆలస్యము చేయక ఐ.టి.ఐ. గుమ్మము తొక్కండి.