చప్పుడు చేయని సినిమా పెట్టె



కిందటి నెల మీలో ఒకరు నాకు మంచి ప్రశ్న పంపారు. వారింట్లో సినిమాలు చూడటానికని టెలివిజను పక్కన ఒక చిన్న కంప్యూటరు అమర్చారట. పాటలు వచ్చేటప్పుడు చిక్కు లేదు. పాత్రలు మెల్లగా మాట్లాడుకునేటప్పుడు మాత్రం పెట్టెలోని పంకా రొదలో మాటలు కలిసిపోతున్నవి. అసలే చెవుడు వచ్చిన మామ్మకు ఒక్క ముక్కా అందటం లేదు. పంకా తీగ పీకేస్తే సరిపోతుందని అన్నయ్య అంటున్నాడట.

పీకవద్దు! ఆ పంకా అక్కడ ఎందుకున్నదో ముందు ఆలోచించండి.

సినిమా బొమ్మ చుక్కల ముగ్గు వంటిది. అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. ఒక్క బొమ్మకు 20,73,600 చుక్కలు. అటువంటి బొమ్మలు సెకనుకు 24. అంటే సెకనుకు దాదాపు 5 కోట్ల చుక్కలన్నమాట! ఇంత లెక్క కట్టేది బొటనవేలి గోరంత బిళ్ళ. అది తినే కరెంటంతా చివరకు వేడి అయిపోతుంది. ఆ వేడి బయటికి పోకపోతే, బిళ్ళ తనను కాపాడుకోవటానికి పని మందగిస్తుంది, బొమ్మ తడబడుతుంది. ఇంకా వేడెక్కితే పెట్టె ఆరిపోతుంది. అప్పుడు మామ్మకు మాటలే కాదు, బొమ్మా దక్కదు.

మరి రొద తగ్గేదెట్లా? అరచేతితో విసురుకుని చూడండి, చెయ్యి నొప్పి పుడుతుంది. తాటాకు విసనకర్రను నెమ్మదిగా ఊపినా చాలు. పంకా కూడా అంతే. 80 మిల్లీమీటర్ల పంకా బదులు 120ది పెడితే వైశాల్యం రెండింతలకు మించుతుంది. అంత గాలినే మెల్లగా తిరుగుతూ తోస్తుంది. వేగం సగమైతే రొద ఎంతగానో తగ్గుతుంది.

పెద్ద పంకా పట్టని బుల్లి పెట్టెలూ ఉన్నవి. వాటిలో మంచి తమాషా చేస్తారు. గాలి తీసేసిన రాగి గొట్టంలో కొంచెం నీరు పోసి మూసేస్తారు. గాలి లేదు గనక ఆ నీరు కొద్ది వేడికే ఆవిరవుతుంది. ఆవిరి చల్లని కొసకు పోయి, అక్కడి లోహపు రేకులకు వేడి అప్పగించి, మళ్ళీ నీరవుతుంది. దీపపు వత్తి నూనెను లాగినట్టు, గొట్టం లోపలి వత్తి ఆ నీటిని వెనక్కు లాగుతుంది. చప్పుడన్నది లేదు!

ఇక తిరిగే డిస్కు సంగతి. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. ఆ అదురు బీరువా చెక్కకు అంటుకుని, చెక్కే బుయ్యిమంటుంది. తిరిగే భాగమే లేని ఎస్.ఎస్.డి. వేస్తే ఆ బాధ ఉండదు. లేదా డిస్కు కింద రబ్బరు బిళ్ళలు పెట్టాలి.

ఖర్చు లేని పని మరొకటి చెబుతాను. అందానికని పెట్టె మీద అల్లిక గుడ్డ కప్పకండి, గోడకు ఆనించకండి. పంకాకు దుమ్ము పట్టినా రొద పెరుగుతుంది. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, ప్లగ్గు తీసి, రెక్కలను వేలితో ఆపి పట్టుకుని, మెత్తని కుంచెతో దులపండి. పవర్ సప్లై అనే ఇనపపెట్టెను మాత్రం ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరవాత కూడా అందులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.