పితృస్మరణము - పాలమూరి కిన్నెర

పితరులను స్మరించుట పిండప్రదానముతో ముగియు కార్యము కాదనియు, గానముతోను నృత్యముతోను పూర్వులను కొలువవలెననియు ఎంచిన జాతులు పెక్కు కలవు. కొరియా రాజధాని యగు సియోలు నగరమున కన్ఫ్యూషియసు మహాచార్యుని మందిరములో ఏటేట వసంతమునను శరత్తునను జరుగు ఆరాధన అట్టిది. ఎనిమిది వరుసలుగా నిలిచిన 64 మంది నర్తకులు వేణువును పక్షి యీకలను చేబూని మిక్కిలి మందగతిని వంగుచు లేచుచుందురు. లోహము, రాయి, పట్టు, వెదురు, సొరకాయ, మన్ను, తోలు, కొయ్య అను ఎనిమిది ద్రవ్యముల వాద్యములు మ్రోగును. 1116లో చైనా చక్రవర్తి కానుకగా పంపిన వాద్యములతో ఈ సంగీతము కొరియాలో ప్రవేశించినది. దీనిని కన్న చైనాలో మధ్యకాలమున ఆ పరంపర తెగినను, కొరియాలో నిలిచినది.

ఇంత దూరదేశపు ముచ్చట పాలమూరు పాఠకులకు ఏల యని అడుగవచ్చును. సొరకాయ, వెదురు అను మాటలు వినగానే మాకు మన కిన్నెర జ్ఞప్తికి వచ్చినది. వెదురుబొంగునకు ఎండిన సొరబుర్రలను కట్టి, మైనముతో మెట్లను నిలిపి చేసిన ఈ వాద్యమును దక్కలివారు తరతరములుగా కాపాడుచు వచ్చిరి. వారు మాదిగలకు ఆశ్రితులు. కిన్నెర మీటుచు జాంబవుని పురాణమును గానము చేసి, మాదిగల వంశమునకు మూలపురుషుడెవరో, ఆ కులము పుట్టుపూర్వోత్తరములేవో వినిపించుట వారి మిరాశి. ఏ గ్రంథాలయమునను దొరకని వంశచరిత్ర వారి నోట నున్నది. మా వకీలు వృత్తిలో పాతకాలపు సాక్షి చనిపోయిన వ్యాజ్యము ఎట్లు కుంటుపడునో మే మెరుగుదుము. ఇచటనో, సాక్షులందరును ఒక్కరొక్కరుగా పోవుచున్నారు.

ఇంతకును ఈ చరిత్రకారునకు మనమిచ్చిన ఆసనమేది? ఊరికి వెలుపల మాదిగవాడ. ఆ వాడకును వెలుపల దక్కలి గుడారము. తాతముత్తాతల కీర్తిని వినుటకు చెవులు కావలెను గాని, వినిపించినవాడు గడపలోనికి రాగూడదు! ఈ తప్పును మాదిగ సోదరుల తలపైన మోపి, తక్కిన మనము చేతులు కడుగుకొనుట ధర్మము కాదు. తమ్ము వెలివేసిన ఊరిని చూచియే వారు వెలివేయ నేర్చిరి. కిన్నెరకు పండ్రెండు మెట్లు; మన సంఘమునకు అంతకన్న నెక్కువ. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగపు 17వ అధికరణము కులమునకును కులమునకును భేదము చూపలేదు.

కొరియాలోను ఒకప్పుడు స్థితి ఇంతకు మేలుగా లేదు. చోసన్ రాజుల ఆస్థాన సంగీతశాలలోని వాద్యకారులలో ఒక తరగతివారు నీచజన్ములుగా లెక్కింపబడిరి; రాజపితరుల ఆరాధనలో వాద్యము వాయించినను వారి జన్మము మారలేదు. 1894లో ఆ జన్మభేదములు చట్టరీత్యా రద్దయినవి. 1951లో జాతీయ సంగీతసంస్థ ఏర్పడి ఆ విద్యను సర్కారు ఖర్చుతో నేర్పసాగినది. రాజపితరుల ఆరాధన సంగీతమును 2001లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. కీర్తి తరువాత వచ్చినది. కూడు ముందు దొరకినది.

మన యెడ ఈ క్రమము తలక్రిందులైనది. 2016లో పాలమూరు నుండి విడివడిన నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన కిన్నెర విద్వాంసులు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. మేమును సంతోషించితిమి. కాని ఒక్కరి మెడలో పతకము వేసినంత మాత్రమున ఆ విద్య నేర్చుకొను బాలునకు పూట గడచునా? కొడుకు కిన్నెర పట్టక కూలికి పోయిన, తండ్రి యేమని యడ్డగింపగలడు?

సర్కారును మేము కోరునది పెద్దది కాదు. నెల జీతముపై నలుగురైదుగురు దక్కలి పెద్దలను ఈ జిల్లాలలో ఉపాధ్యాయులుగా నియమింపవలెను. శిష్యులకు భోజనవసతి నీయవలెను. జాంబపురాణమును ముక్కలుగా గాక, రాత్రులెన్ని పట్టినను మొదటినుండి తుదివరకు శబ్దముద్రణము చేయింపవలెను. ఆ ముద్రణపై హక్కు పాడినవారికే యుండవలెను. ఈ చివరి మాటను అధికారులు మరచెదరని మా యనుభవము గనుక ముందే వ్రాయుచున్నాము.

ఇక సర్కారు చేయజాలని దొకటి కలదు. ఈ సారి దక్కలి గాయకుడు వాడకు వచ్చినప్పుడు మాదిగ పెద్దలు ఆయనను ఇంటిలోనికి పిలిచి పీట వేయవలెను. అంతకు ముందుగా, ఆ పెద్దలకు మన యిండ్లలో పీటలు వేయవలసినవారము మనము.