అంచు కోసిన చిత్రములు

పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లండున వెలువడిన చర్చీల, సభాభవనముల, పట్టణవీథుల చెక్కడపు బొమ్మలు నేడు గోడలకు అలంకారములుగా అమ్ముడుపోవుచున్నవి. వానిలో పెక్కు విడిగా పుట్టినవి కావు. గ్రంథములనుండి కోసి తీసినవి. చట్రమున బిగించుటకై కొందరు అంచులను గూడ కత్తిరింతురు. నలుపు తెలుపుల బొమ్మలకు క్రొత్తగా రంగులు పూయువారును కలరు. ఇది చరిత్రకు చేయు అపచారము.

ఆ అంచున నున్నది వట్టి కాగితము కాదు. చిత్రకారుడు హోగార్తు మొదలగువారి ప్రయత్నమున 1735లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసెను. దానినిబట్టి హక్కుదారుని పేరును, ప్రకటించిన తేదీని రేకుపైననే చెక్కవలెను. ఎడమవైపు చిత్రము గీసినవాని పేరు, కుడివైపు చెక్కినవాని పేరు ఉండుట వాడుక. తామ్రశాసనము చేతికి వచ్చినపుడు పండితులు మొదట వెదకునది రాజు పేరును, సంవత్సరమునే గదా! తరగతిలో ఇట్టి బొమ్మను చూపు ఉపాధ్యాయులు ఈ సన్నని వరుసనే ముందు చదివింపవలెను.

జాన్ బ్రిటన్ 1814 నుండి 1835 వరకు ప్రకటించిన కెథీడ్రల్ గ్రంథములలో జాన్ లెక్యూ, హెన్రీ లెక్యూ సోదరుల పనితనము చూచినవారికి ఆ కుడిమూల పేరెంత విలువగలదో తెలియును. రాగి రేకుపై కుడియెడమలు తారుమారు చేసి, వాడి ఉక్కుమొనతో గీతవెంట గీత చెక్కి, కమాను వెనుక కమానును, వాని నడుమ చీకటిని వారు చూపిరి. 1820 తరువాత ఉక్కు రేకులు వ్యాపించి, త్వరగా అరగక వేలకొలది ప్రతులనిచ్చినవి. బొమ్మ చౌకయైనది, నేటి కత్తెరకు సులువుగా దొరకుటకు అదియు నొక కారణము.

తేదీ విలువ లండను కామన్సు సభ విషయమున మిక్కిలి స్పష్టమగును. 1808-1810 నడుమ ఆకర్మన్ ప్రకటించిన లండను గ్రంథమున 104 రంగుచిత్రములు కలవు. భవనములను పూజిన్, మనుష్యులను రోలండ్‌సన్ గీసిరి. అందొకట ఆ సభ కలదు. ఎదురెదురు బల్లలపై సభ్యులు కిక్కిరిసి యున్నారు. 1801లో ఐర్లండు కలియుటచే రానున్న 100 మంది సభ్యులకు చోటు చాలదని, అంతకుముందే ఆ మందిరపు గోడలను లోపలివైపు చెక్కి పలుచన చేసిరి. మధ్యయుగపు గోడచిత్రములు అపుడు బయటపడి, ఆ పనిలోనే చాలవరకు నశించినవి. 1834 అక్టోబరు 16న మందిరమే అగ్నికి లోనై శిథిలమయ్యెను. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839లో. కనుక ఆ సభను చూడగోరువారికి చేతిగీతయే శరణ్యము. కంటబడిన బొమ్మ గోడలు చెక్కక మునుపటిదా, తరువాతిదా అను ప్రశ్నకు అడుగున నున్న తేదీయే మొదటి సాక్ష్యము.