గుట్టు కాపాడటమూ వైద్యమే

ఇదివరకు రక్తపరీక్ష రిపోర్టు కోసం మళ్లీ ల్యాబ్‌కి వెళ్లాల్సి వచ్చేది. కవర్లో పెట్టి, అంటించి చేతికిచ్చేవారు. ఇప్పుడు అదే రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తోంది. మంచిదే. సమయం కలిసొస్తోంది, ఆటో ఖర్చు తప్పుతోంది. కానీ అది ఎవరి ఫోన్‌కి వస్తోంది? చాలాచోట్ల ఈ ప్రశ్న అడిగేవారే లేరు.

ఆస్పత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర ఆడవారి పేరు పక్కన భర్త నంబరో, అన్న నంబరో, కొడుకు నంబరో రాయించడం మనకు మామూలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు దేశంలో సుమారు 54 శాతమే. మిగతావారి ఆరోగ్య సమాచారం ఏదైనా ఫోన్‌కి వెళ్లిందంటే అది ఇంకొకరి చేతిలోకి వెళ్లినట్టే. సొంత ఫోన్ ఉన్నా దాని లాక్ నంబరు ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం కొత్తేమీ కాదు. షుగర్ రిపోర్టు అయితే ఇబ్బంది లేదు. అదే గర్భ పరీక్షో, హెచ్‌ఐవీ పరీక్షో, మానసిక వైద్యుడి అపాయింట్‌మెంటో అయితే? ఒక్క మెసేజ్‌తో కాపురం కూలిపోవచ్చు, ఉద్యోగం పోవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చు.

ఇది పరువు సమస్యే కదా, ఆరోగ్య పేజీలో ఎందుకు అనుకోవద్దు. గుట్టు బయటపడుతుందన్న భయం ఉంటే మనిషి ఆస్పత్రికి రాకుండా ఆగిపోతుంది. హెచ్‌ఐవీ మందులు ఒక్కరోజూ మానకుండా వేసుకోవాలి. ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, పాత మందులకు లొంగకుండా మొండికేస్తుంది. క్షయ మందుల కోర్సు మధ్యలో ఆపేసినా అదే ప్రమాదం. పెళ్లి కావాల్సిన పిల్ల అని దాచిపెట్టి చికిత్స ఆలస్యం చేసే ఇళ్లు మనచుట్టూ ఉన్నాయి. గర్భస్రావం విషయం మరీ సున్నితం. తొలి వారాల్లో డాక్టర్ పర్యవేక్షణలో ఇది సురక్షితం. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో రోజులు గడిపేసి, చివరికి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని సొంతంగా వేసుకునేవారు ఉన్నారు. గర్భం ట్యూబులో నిలిచి ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం ఈ విషయంలో రోగి వైపే ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చిచెప్పింది. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు, వివరాలు చట్టప్రకారం అధికారం ఉన్నవారికి తప్ప ఎవరికీ చెప్పకూడదని 2021 సవరణ చెబుతోంది. చెబితే ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. వయసొచ్చిన మహిళకు గర్భస్రావానికి ఆమె సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. మైనర్ బాలిక విషయంలో పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారం ఇవ్వక తప్పదు. అయితే బాలిక, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, గుర్తింపు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్ని, ఫలితం బయటపెట్టడాన్ని నిషేధించింది. రికార్డులు భద్రంగా ఉంచాల్సిన బాధ్యత ఆస్పత్రులదేనంది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కంప్యూటర్లలో ఉండే సమాచారానికి కూడా గోప్యత వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది.

ఇన్ని చట్టాలున్నా కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఏం జరుగుతోంది? హాలంతా వినపడేలా పేరూ జబ్బూ కలిపి పిలుస్తారు. కేస్‌షీట్ ఫొటో తీసి సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పెడతారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని పాత పేరుతో గట్టిగా పిలిచి పదిమంది తలలు అటు తిరిగేలా చేస్తారు. అలా పిలిపించుకున్నవారు రెండోసారి ఆ గుమ్మం తొక్కుతారా?

కాగితాల రోజుల్లో గుట్టు బయటపడితే వీధిలో తెలిసేది. ఇప్పుడు ఒకేసారి వేలమందిది బయటపడుతుంది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ జనరిక్ మందుల దుకాణాల వెబ్‌సైట్‌లో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా బయటికి కనిపించింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగి రోజుల తరబడి సేవలు స్తంభించాయి. నెలసరి తేదీలు రాసుకునే ‘ఫ్లో’ యాప్ వాడకందార్ల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకు చేరవేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది. నెలసరి తప్పిన సంగతి అమ్మకన్నా ముందు ప్రకటనల కంపెనీకి తెలిసే రోజులివి.

డిజిటల్ రికార్డులే వద్దనడం మన ఉద్దేశం కాదు. పాత చీటీలు పోగొట్టుకుని, ఏ మందు పడదో చెప్పలేక ఇబ్బందిపడే రోగులకు అవి పెద్ద ఆసరా. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ సంఖ్య అందుకు పనికొస్తుంది. అయితే అది ఐచ్ఛికం. రికార్డు ఇంకొకరు చూడాలంటే రోగి సమ్మతి ఉండాలి. ‘ఈ నంబరు లేకపోతే ఓపీ చీటీ రాయం’ అనే మాట ఎక్కడా వినపడకూడదు. ఓటీపీ చెప్పమని అడిగి, అది దేనికో చెప్పకపోతే దాన్ని సమ్మతి అనరు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలూ వచ్చాయి. అమలు దశలవారీగా జరగనుంది. గడువు వచ్చేదాకా ఆస్పత్రులు కూర్చోనక్కర్లేదు.

ఎందుకంటే చేయాల్సిన వాటిలో చాలావాటికి పెద్ద ఖర్చేమీ లేదు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చాలి: ‘రిపోర్టు ఏ నంబరుకు పంపమంటారు? వద్దంటే మీరే వచ్చి తీసుకుంటారా?’ మెసేజ్‌లో పరీక్ష పేరు, ఫలితం రాయకుండా ‘మీ రిపోర్టు సిద్ధం’ అంటే చాలు. పేరు బదులు టోకెన్ నంబరుతో పిలవాలి. సిబ్బంది గ్రూపుల్లో రోగుల ఫొటోలు, కేస్‌షీట్లు పెట్టకూడదని లిఖితపూర్వకంగా చెప్పాలి. గ్రామాల్లో తిరిగే ఆశా, ఏఎన్‌ఎంలకు ఆన్‌లైన్ నమోదులు పెంచుతూ పోతున్న ప్రభుత్వాలు, ఆ సమాచారం ఎలా కాపాడాలో కూడా వారికి నేర్పాలి.

మీరూ కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు మెసేజ్ కనిపించకుండా నోటిఫికేషన్ సెట్టింగ్ మార్చుకోండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ కనిపిస్తే తొలగించండి. హింసించే మనిషి ఇంట్లోనే ఉంటే మాత్రం, ఆ మార్పు అతను గమనిస్తే ఏమవుతుందో ముందుగా ఆలోచించి, నమ్మకమైనవారితో మాట్లాడి చేయండి. నెలసరి యాప్ వద్దనుకుంటే ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు, ముందు యాప్‌లోనే ఖాతాను, సమాచారాన్ని తొలగించాలి. పీసీఓడీ గురించో, ప్రసవం తర్వాతి దిగులు గురించో ఆన్‌లైన్ గ్రూపులో అడగడం తప్పు కాదు. మారుపేరుతో అడగండి. పేరు, ఊరు, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించే రిపోర్టు మాత్రం పెట్టొద్దు. ఇంకొకరు రాసుకున్న బాధను స్క్రీన్‌షాట్ తీసి పంచడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంట్లో మగవారికి ఒక మాట. భార్య, చెల్లెలు, కూతురు రిపోర్టు మీ ఫోన్‌కి వస్తే తెరవకుండా వారికే ఇవ్వండి. చెప్పాలనుకుంటే వారే చెబుతారు. చెప్పుకునే ధైర్యం ఇవ్వడం వరకే మన వంతు.

డాక్టరుకు నిజం చెబితేనే సరైన మందు పడుతుంది. ఆ నిజం డాక్టరు గది దాటదన్న భరోసా ఉంటేనే రోగి నోరు విప్పుతుంది. ఆ భరోసా ఇవ్వలేని ఆస్పత్రిలో ఎన్ని యంత్రాలున్నా వైద్యం సగమే అందుతుంది.