'ఏమీ లేదు' అని పంపేశాక మొదలయ్యే భయం

రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఉలిక్కిపడి లేచి, గుండె దడదడలాడుతూ, ఊపిరాడక, చెమటలతో ఒళ్లు తడిసిపోయి, ప్రాణం పోతోందనే భయంతో ఆస్పత్రికి పరుగెత్తేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. క్యాజువాలిటీలో ఈసీజీ తీస్తారు, బీపీ చూస్తారు, రక్తపరీక్ష చేస్తారు. అన్నీ సరిగ్గానే ఉంటాయి. 'మీకేమీ లేదు, గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ పెట్టుకోకండి' అని ఇంటికి పంపేస్తారు. చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిదే, విన్నవాళ్లకూ ఆ పూటకు ఊరటగానే ఉంటుంది. మర్నాడు రాత్రి మంచమెక్కేసరికి ఆ ఊరట మిగలదు. ఏమీ లేకపోతే నిన్న అంత ఘోరంగా ఎందుకైంది? డాక్టరుకు అంతుపట్టనిది లోపలేదో ఉందా? ఈ రాత్రి మళ్లీ వస్తే లేస్తానా? నిద్రలో వచ్చే పానిక్ అటాక్‌ను ఒక రాత్రి కష్టంతో పోనివ్వకుండా నెలల తరబడి సాగదీసేది చాలావరకు జవాబు దొరకని ఈ ప్రశ్నలే. రిపోర్టులు నార్మల్ అని చెప్పడంతో వైద్యుడి పని పూర్తికాదు. జరిగినదానికి పేరు పెట్టి, అది ఎలా వస్తుందో, ఎలా పోతుందో విడమరచి చెప్పడం కూడా చికిత్సలో భాగమే. మన ఆస్పత్రుల్లో ఎగిరిపోతున్నది సరిగ్గా ఆ భాగమే.

నిద్రలో వచ్చే ఈ పానిక్‌ను చాలామంది పీడకలగా పొరబడతారు. పీడకలలు ఎక్కువగా తెల్లవారుజాము వైపు, మూసిన రెప్పల కింద కనుగుడ్లు చురుగ్గా కదిలే నిద్రలో వస్తాయి, లేచాక ఎంతోకొంత కథ గుర్తుంటుంది. పానిక్ సాధారణంగా పడుకున్న ఒకటి నుంచి మూడు గంటల మధ్య, తేలిక నిద్ర నుంచి గాఢనిద్రలోకి జారే దశలో తాకుతుంది. కల ఉండదు, తరిమిన పామూ ఉండదు, పడిపోయిన బావీ ఉండదు. భయానికి కారణం వెతికితే దొరికేది కొట్టుకుంటున్న గుండె ఒక్కటే కాబట్టి అనుమానమంతా దానిమీదికే పోతుంది. పిల్లలు నిద్రలో కేకలు పెట్టి, పొద్దున్న అడిగితే ఏమీ ఎరగనట్టు చూసే స్థితి వేరు. పానిక్‌తో లేచిన మనిషికి పూర్తి మెలకువ ఉంటుంది, ప్రతి క్షణం గుర్తుంటుంది. ఇది అరుదైన సంగతి కూడా కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన మిషెల్ క్రాస్క్, తన సహ పరిశోధకురాలితో కలిసి 2005లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించారు. పానిక్ డిజార్డర్ ఉన్నవారిలో 44 నుంచి 71 శాతం మంది ఒక్కసారైనా నిద్రలో ఈ దాడికి గురైనట్టు వాటిలో తేలింది.

వివరించి చెప్పడానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, భయం పనిచేసే తీరే అలాంటిది. బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన నమూనా ఈనాటికీ చికిత్సకు పునాదిగా ఉంది. ఒంట్లో చిన్న మార్పు వస్తుంది, గుండె ఒకటి రెండుసార్లు గట్టిగా కొట్టుకుంటుంది. దాన్ని ప్రమాదంగా అర్థం చేసుకోగానే ఎడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, గుండె వేగం ఇంకా పెరుగుతుంది, అది చూసి భయం మరింత పెరుగుతుంది. వేగంగా ఊపిరి పీల్చి వదలడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అదీ పక్షవాతమో గుండెపోటో అనిపిస్తుంది. నిద్రలో కూడా గుండె వేగం, ఊపిరి లయ మారుతూనే ఉంటాయి. ఒంటి కదలికలను భయంతో కనిపెట్టడం అలవాటైన మనసు నిద్రలోనూ ఆ కాపలా మానదు. 1995లో క్రాస్క్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం నా వాదనకు గట్టి ఆధారం. నిద్రలో ఒంట్లో వచ్చే మార్పులను సూచిస్తున్నట్టు చెప్పిన సంకేతంతో రోగులను లేపారు. అలాంటి మార్పులు మామూలేనని ముందే విన్నవాళ్లకంటే, ఆ మాట వినకుండా నిద్రపోయినవాళ్లే లేచాక ఎక్కువ భయపడ్డారు. లేపిన సంకేతం ఇద్దరికీ ఒకటే, పడుకునే ముందు చెవిన పడిన మాటే వేరు.

దీనికి వైద్యుల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. అర్ధరాత్రి ఛాతీలో పట్టేసినట్టుందని వచ్చినవాళ్లకు తొందరపడి పానిక్ అని చెప్పి, అది నిజంగా గుండెపోటైతే ఏం కావాలి? భారతీయులకు గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తోంది కాబట్టి ఈ భయం న్యాయమైనది. మొదటిసారి ఇలా జరిగినప్పుడు, వయసు నలభై దాటినప్పుడు, బీపీ, షుగర్ ఉన్నప్పుడు, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినప్పుడు ఇంట్లో తర్జనభర్జనలు మాని 108కి ఫోన్ చేయాల్సిందే. నిద్రలో ఊపిరి ఆగుతూ గురకపెట్టే స్లీప్ ఆప్నియా, ఉబ్బసం, థైరాయిడ్, కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం, రాత్రిపూట షుగర్ పడిపోవడం కూడా ఇలాగే నిద్ర లేపగలవు, వాటినీ చూడాలి. నేను అడుగుతున్నది ఇవన్నీ చూశాక జరగాల్సిన దాని గురించి. మాంట్రియల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ ఎమర్జెన్సీకి ఛాతీ నొప్పితో వచ్చిన 441 మందిని పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు పాతిక శాతం మందికి పానిక్ డిజార్డర్ ఉన్నట్టు తేలింది. వారిలో 98 శాతం మందిని అక్కడి హృద్రోగ నిపుణులు గుర్తించలేకపోయారు. గుండెజబ్బు లేదని తేల్చడం దగ్గరే వాళ్ల చూపు ఆగిపోయింది.

రెండో అభ్యంతరం ఇళ్లలోంచి వస్తుంది. పేరు పెడితే లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది, మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది అంటారు. మానసిక ఆస్పత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే సమాజంలో సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లమంటే ఉలిక్కిపడటం వింతేమీ కాదు. అయితే పేరు పెట్టకపోయినంత మాత్రాన మనసు ఖాళీగా కూర్చోదు, తనకు తోచిన పేరు పెట్టుకుంటుంది. గుండెజబ్బనో, గాలి సోకిందనో, చేతబడి అనో. అవి పానిక్ కంటే ఎక్కువ భయపెట్టే పేర్లు. తాడును చూసి పామనుకున్నవాడి గుండె నిజంగానే కొట్టుకుంటుంది. అతన్ని పట్టుకుని 'నీకేమీ కాలేదు పో' అంటే కుదుటపడడు, దీపం తెచ్చి తాడు చూపించాలి.

మాత్ర సంగతి వేరే చెప్పాలి. అల్ప్రాజోలం వేసుకుంటే కాసేపట్లో తేలికపడుతుంది, ఆ తేలికే ప్రమాదం. నిద్రకు ముందు అది లేకపోతే పడుకోలేని స్థితికి మనిషి చేరుకుంటాడు, హఠాత్తుగా ఆపితే భయం రెట్టింపై తిరిగొస్తుంది. ఈ మందును కల్తీ కల్లులో కలిపే దారుణం, ఆ కల్లు ఆగిపోయిన రోజుల్లో తాగేవాళ్లు ఫిట్స్‌తో, మతి చలించి ఆస్పత్రుల పాలైన తీరు తెలంగాణ జిల్లాలు చూశాయి. చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఉన్నా మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లున్నారు. పానిక్‌కు నిలకడగా పనిచేసేవి రెండు: సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. మందులు పనిచేయడం మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ సంగతి చెప్పకుండా రాసిస్తే పదో రోజుకల్లా ఆపేస్తారు. థెరపీలో గుండెదడను, ఆయాసాన్ని కావాలని తెప్పించుకుని, వాటితో ఏ ప్రమాదమూ రాదని ఒంటికి నేర్పిస్తారు. రాత్రి పానిక్‌కు కూడా ఈ పద్ధతి పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది.

దాడి వచ్చినప్పుడు ఆ సమయం దాటేదెలా అన్నదానికి కూడా ఇదే అవగాహన దారి చూపుతుంది. లేచి కూర్చుని, దీపం వేసి, కాళ్లు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదలడం మంచిదే. పోట్లాడి దాన్ని ఆపాలనుకుంటేనే చిక్కు. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది. ప్రాణాయామం చాలామందికి మేలు చేస్తుంది. కానీ అది చేయకపోతే చచ్చిపోతానన్న నమ్మకంతో చేస్తే భయానికే మేత వేసినట్టు. నిమిషానికోసారి నాడి పట్టి చూసుకోవడం, వేలికి ఆక్సీమీటర్ తగిలించడం, చేతి వాచీలో గుండె అంకెలు వెతకడం కూడా అంతే. ఇంట్లోవాళ్లు చుట్టూ మూగి తలో సలహా ఇచ్చేకంటే, ఒక్కరు పక్కన కూర్చుని 'ఇది పానిక్, ఇంతకుముందు వచ్చి పోయింది, ఇప్పుడూ పోతుంది, నేనిక్కడే ఉన్నా' అంటే చాలు. భయంతో అర్ధరాత్రి దాటేదాకా టీవీ చూస్తూ నిద్ర వాయిదా వేయడం, పగలు పడుకోవడం, నిద్ర కోసం మందు తాగడం మాత్రం తర్వాతి దాడికి బాట వేస్తాయి. ఉద్యోగం కోసం అమెరికా వేళలకు మేలుకునే హైదరాబాద్ కుర్రాళ్లకు, రాత్రి డ్యూటీల నర్సులకు నిద్ర వేళలు వాళ్ల చేతిలో లేవు. వాళ్ల విషయంలో షిఫ్టులు వేసేవాళ్లకూ బాధ్యత ఉంది.

లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఇదంతా ఎవరు చెబుతారన్నది చివరి అభ్యంతరం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేకపోవడం మనకు జరిగిన నష్టం. అయినా నేను కోరుతున్న మొదటి అడుగుకు సైకియాట్రిస్టు అక్కర్లేదు. ఆ రాత్రి ఈసీజీ చూసిన డ్యూటీ డాక్టరు అయిదు నిమిషాలు కూర్చుని చెబితే సరిపోతుంది, ఆయనకు తీరిక లేకపోతే శిక్షణ పొందిన నర్సు చెప్పవచ్చు. డిశ్చార్జి కాగితం మీద 'నార్మల్' అన్న మాట కింద పానిక్ అటాక్ అంటే ఏమిటో తెలుగులో నాలుగు వాక్యాలు అచ్చువేయాలి. పక్కనే 14416 నంబరు ఉండాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. వారం పది రోజుల్లో మళ్లీ ఎప్పుడు, ఎవరిని కలవాలో కూడా ఆ కాగితం మీదే రాసివ్వాలి. జిల్లా ఆస్పత్రులతో దీన్ని మొదలుపెట్టడానికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ కొత్త చట్టం అవసరం లేదు, ఆరోగ్య శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు.