చెప్పుకోరాని రంగు

ఈ వారం నేను వ్రాస్తున్న సంగతి భోజనానికి కూర్చొని చదవవలసింది కాదు. ముందు కంచం వున్నవారు దయచేసి ఈ పేజీ తిప్పేసి, సీరియలు చదువుకొని, చెయ్యి కడుక్కొన్న తర్వాత మళ్ళీ ఇటు రావాలని మనవి. రావడం మాత్రం మానకండి.

తినేదాన్ని గురించి మన భాషలో ఎన్ని మాటలు! పప్పు, పులుసు, పచ్చడి, తొక్కు, అంబలి, గటక అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతాం. తిన్నది చివరకు ఏమయిందనే దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు. పంతులుగారు ‘కాలకృత్యాలు’ అంటారు. పురాణం చెప్పేవారు ‘బహిర్భూమి’ అంటారు. మా బోథ్ పక్క ‘చెంబట్క పోయిండు’ అంటే సరిపోతుంది. బళ్ళో పిల్లవాడు రెండు వేళ్ళు చూపి పరుగెత్తుతాడు. వీటిలో కాలం వుంది, భూమి వుంది, చెంబు వుంది, వేళ్ళున్నాయి. అసలుది ఒక్కటే లేదు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక, ఎంత నాజూకయిన భాష మనది అని చాలాకాలం మురిసిపోయాను. ఆ నాజూకుకు ఖరీదు కూడా వుంటుందని నాకు మా మేనమామ వల్ల తెలిసింది.

ఆయన పత్తి రైతు. డెబ్బయి దాటాయి. మోకాళ్ళ నొప్పులకు మందుల దుకాణంలో ఏవో బిళ్ళలు కొనుక్కొని, పొద్దున పరగడుపున ఒకటి, రాత్రికి ఒకటి వేసుకోవడం అలవాటు. నొప్పి తగ్గుతున్నది, వ్యవసాయం సాగుతున్నది, ఇంకేం కావాలి? ఒక జూన్ నెలలో విత్తనాల పని మీద బోథ్ వచ్చి మా ఇంట్లో రెండు రోజులు వున్నాడు. మనిషి పాలిపోయి వున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. “ఎండకు తిరిగిన గదా అల్లుడా, గంతే” అన్నాడు. నేను నమ్మాను.

మా ఆవిడ నమ్మలేదు. మరుగుదొడ్డి కడిగి వచ్చి మెల్లగా నా చెవిన వేసింది: “మీ మామకు నల్లగ, రోడ్డుకేసే తారు లెక్క పోతున్నది. వాసన గూడ మంచిగ లేదు. జర దవాఖానకు తీస్కపోండ్రి.”

నేను చదువుకొన్నవాణ్ణి గదా, వెంటనే కారణం చెప్పేశాను. “నేరేడు పండ్ల రోజులు. దోసెడు తిని వుంటాడు” అని నవ్వాను.

తెల్లవారి మామ దొడ్డికి పోయి వస్తూ గడప దగ్గర కుప్పగా కూలిపోయాడు.

బోథ్ సర్కారు దవాఖానలో డాక్టరుగారు నాడి చూచి, కంటిరెప్ప క్రిందికి లాగి చూచి, మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: “పెద్దాయనా, దొడ్డికి ఏ రంగుల పోతున్నది?” మామ నా వంక చూచాడు. గోడ వంక చూచాడు. ప్రాణం మీదికి వచ్చినా ఆ ఒక్క మాట ఆయన నోట రాలేదు. మా ఆవిడే చెప్పింది. డాక్టరుగారు ఇక ఆలోచించలేదు. “కడుపులో నెత్తురు కారుతున్నది. వెంటనే ఆదిలాబాద్” అన్నారు. 108 బండి ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ చేరేదాకా మామ చెయ్యి నా చేతిలోనే వుంది. చల్లగా వుంది. అక్కడ నెత్తురు ఎక్కించారు. నోటిలోనుంచి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. బ్రతికాడు.

“పదిహేను దినాల సంది గట్లనే పోతున్నది” అన్నాడు మంచం మీద లేచి కూర్చున్న రోజు. “గది జెప్పుకునే ముచ్చటా అల్లుడా? నలుగురు నవ్వుతరు.”

నలుగురి మాట ఎందుకు, నేనే నవ్వాను గదా! అది నన్ను ఇప్పటికీ గుచ్చుతూ వుంటుంది. అందుకే పుస్తకాలు తిరగేసి, తెలిసిన డాక్టర్లను విసిగించి, నాలుగు సంగతులు పోగుచేసుకొన్నాను. మీకూ పనికివస్తాయి.

ముందుగా, మామూలు రంగు ఎలా వస్తుంది? మన నెత్తుటిలోని ఎర్ర కణాలు సుమారు 120 రోజులు బ్రతుకుతాయి. ముసలివైనవి విరిగిపోయినప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం పుడుతుంది. కాలేయం దానిని పైత్యరసంలో కలిపి ప్రేగులోకి వదులుతుంది. ప్రేగులోని సూక్ష్మజీవులు దానిని మార్చి మార్చి చివరకు గోధుమ రంగు చేస్తాయి. కాబట్టి పసుపు మొదలు ముదురు గోధుమ వరకు ఏ ఛాయ అయినా క్షేమమే. ఆకుకూరలు ఎక్కువగా తిన్నా, విరేచనం త్వరగా అయి పైత్యరసం మారే వ్యవధి లేకపోయినా ఆకుపచ్చగా పోవచ్చు. దానికి కంగారు అక్కరలేదు.

నలుపు సంగతి వేరు. కడుపులోనో, చిన్నప్రేగు మొదట్లోనో కారిన నెత్తురు క్రిందికి దిగేలోపల ఆమ్లంలో మాగి, జీర్ణమై నల్లబడుతుంది. సుమారు 50 నుంచి 100 మిల్లీలీటర్ల నెత్తురు, అంటే టీ కప్పు కంటే తక్కువే, కారితే చాలు, రంగు మారిపోతుంది. అది జిగటగా, మెరుస్తూ, తారులాగా వుంటుంది. కంపు ప్రత్యేకంగా వుంటుంది. నొప్పి బిళ్ళలు కడుపు లోపలి పొరను కాపాడే ఏర్పాటును దెబ్బతీస్తాయి. పరగడుపున నెలల తరబడి మింగే వృద్ధులకు ప్రమాదం మరీ ఎక్కువ. పుండుకు రెండవ కారణం ఒక సూక్ష్మజీవి. ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ దానిని కనిపెట్టి చెబితే మొదట చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ జీవులున్న ద్రావకాన్ని తానే త్రాగి, కడుపు వాపు తెచ్చుకొని ఋజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆ జీవికి మందులున్నాయి.

అయితే ప్రతి నలుపూ నెత్తురు కాదు. ఇక్కడే రెండవ పొరపాటు వుంది. మా వీధిలో ఒక గర్భిణి, ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర మాత్రలను వారం రోజులు వేసుకొని, నల్లగా పోతున్నదని భయపడి పెంటకుప్పలో పారవేసింది. భయం ఎవరికీ చెప్పలేదు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము వుంటుంది. దేహం తీసుకోగా మిగిలిన ఇనుము విరేచనాన్ని నల్లగానో, ముదురాకుపచ్చగానో చేస్తుంది. దానికి జిగట వుండదు, తారు మెరుపు వుండదు, ఆ కంపు వుండదు. అది మాత్ర చేసే పనే. నెత్తురు తక్కువయిన తల్లికి కాన్పులో కొద్దిగా నెత్తురు పోయినా ప్రాణాపాయం. 180 రోజులు వేసుకోవలసిన మాత్రను ఒక రంగును చూచి మానితే ఎంత ముప్పు!

ఆ మాత్రలోనే ఇనుముకు తోడు ఫోలిక్ ఆమ్లం వుంది. దాని వెనుక మన తెలుగువాడి కథ వుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. స్ప్రూలో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనం పాలిపోయి, నురుగుతో, క్రొవ్వు తేలుతూ, దుర్వాసనతో పోతుంది. మనిషి చిక్కి శల్యమై, నెత్తురు నీరవుతుంది. మన వైద్యులు గ్రహణి అని చెప్పే జబ్బుల్లోకి ఇది వస్తుంది. సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్ళారు. 1945లో ఆయన ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలవారు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. తోబుట్టువులను పొట్టన పెట్టుకొన్న జబ్బుకు ఆయన బదులు తీర్చుకొన్నారన్న మాట. ఆ బదులులో ఒక రవ్వ మా వీధి పెంటకుప్పలో పడివుండడం చూచి నాకు బాధ కలిగింది. డాక్టరమ్మ చెప్పిన తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ మాత్రలు మొదలుపెట్టిందని సంతోషంగా వ్రాస్తున్నాను.

ఇక తెలుపు. సున్నంలాగా, తెల్లమట్టిలాగా పోతున్నదంటే పైత్యరసం ప్రేగులోకి దిగడం లేదన్న మాట. కాలేయం వాచి వుండవచ్చు, లేదా నాళంలో రాయో గడ్డో అడ్డుపడి వుండవచ్చు. తోడుగా మూత్రం ముదిరి, కళ్ళు పచ్చబడి, ఒళ్ళు దురద పెడితే పసరు మందుల కోసం ఊళ్ళు తిరగకుండా దవాఖానకు పోవాలి. పసిపిల్లల్లో ఇది మరీ తొందర పని. పుట్టిన బిడ్డకు మొదటి రెండు మూడు రోజులు కాటుకలాంటి నల్లని విరేచనం కావడం సహజమే. ఆ తర్వాత పసుపుపచ్చగా రావాలి. రెండు వారాలు దాటినా పసిరికలు తగ్గక, విరేచనం తెల్లగా వుంటే పైత్యనాళం మూసుకుపోయిందేమో చూడాలి. దీనికి జపానులో కసాయి అనే శస్త్రవైద్యుడు 1950లలో ఆపరేషను కనిపెట్టాడు. అరవై రోజులలోపల చేస్తే ఫలితం బాగుంటుంది. తైవాను దేశంలో 2004 నుంచి ప్రతి తల్లికీ విరేచనపు రంగుల బొమ్మలున్న కార్డు ఇస్తున్నారు. తల్లి బిడ్డ గుడ్డను కార్డుతో పోల్చి చూస్తుంది. అంతకంటే చౌక పరీక్ష ఇంకొకటి వుంటుందా?

బియ్యం కడిగిన నీళ్ళలాగా ఆగకుండా పోతే అది కలరా కావచ్చు. వానకాలం మా వైపు వాగులన్నీ ఎర్రనీళ్ళతో పొంగుతాయి. ఆ రోజుల్లో కాచి చల్లార్చిన నీళ్ళే త్రాగాలి. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను త్రాగించి, నూటికి 30 దాకా వున్న చావులను 4 లోపలికి తెచ్చారు. ఈనాటి ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ మార్గానిదే. ఒక పొట్లాన్ని దానిమీద వ్రాసిన కొలత నీటిలోనే కలపాలి. కొంచెం కొంచెంగా త్రాగిస్తూ దవాఖానకు బయలుదేరాలి.

ఎరుపు చూచి బీట్‌రూట్ తిన్నామేమో జ్ఞాపకం చేసుకోండి. తినలేదూ, అయితే అది నెత్తురు కావచ్చు. ‘మొలలు గదా’ అని సరిపెట్టుకోకండి. మొలలే కావచ్చు, పెద్దప్రేగు పుండు కావచ్చు, పుట్టకురుపు కావచ్చు. ఏదో చెప్పవలసింది డాక్టరే గాని మనం కాదు.

మన పూర్వ వైద్యులు చేసిన అష్టవిధ పరీక్షల్లో నాడి, మూత్రం తర్వాత మూడవది మలమే. వారు సిగ్గుపడలేదు. నడుమ మనకెందుకు వచ్చిందో ఈ సిగ్గు! చీకట్లో చెంబు పట్టుకొని చేను గట్టుకు పోయిన రోజుల్లో చూద్దామన్నా కనిపించేది కాదు. 2014 తర్వాత ఊరూరా మరుగుదొడ్లు లేచాయి. తెల్లని పింగాణి మీద ఏ రంగయినా స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్ళు పోసేముందు ఒక్కసారి తల వంచి చూడడం మాత్రం మనం అలవాటు చేసుకోవాలి.

మా మామ అలవాటు చేసుకొన్నాడు. నొప్పి బిళ్ళలు మానాడు, డాక్టరు వ్రాసినవే వేసుకొంటున్నాడు. చెప్పడమూ నేర్చుకొన్నాడు. కాస్త ఎక్కువగానే నేర్చుకొన్నాడు. మొన్న నేను కాలేజీలో నలుగురు పెద్దమనుషులతో టీ త్రాగుతుండగా ఫోను మ్రోగింది. గది అంతా వినిపించేటట్టు మామ గొంతు: “అల్లుడా, ఇయ్యాల పసుపుపచ్చగ, మంచిగ పోయింది!”

పెద్దమనుషులు కప్పులు క్రింద పెట్టారు. నేను మాత్రం “సంతోషం మామా” అని, నా టీ పూర్తిగా త్రాగాను.