మైల లేని దుఃఖం

బంధువు పోతే ఏడవడానికి మన ఆచారం ఒక గడువూ, ఒక మర్యాదా ఏర్పరచింది. జ్ఞాతులకు పదిరోజులు మైల. పలకరించే వాళ్లు వస్తారు. వచ్చినవాళ్లందరికీ జరిగింది మళ్లీ మళ్లీ చెప్పుకోవడంలోనే సగం బరువు దిగుతుంది. మరి స్నేహితురాలు పోతేనో? తలమీద నీళ్లు పోసుకుంటే సరి! మర్నాటినుంచి అంతా మామూలే.

మా వీధిలో ఒక పెద్దావిడకు డెబ్బయ్యెనిమిదేళ్లు. ఎదురింటావిడతో నలభై ఏళ్ల స్నేహం. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ అరుగుమీద చేరి వత్తులు చేసుకుంటూ కష్టసుఖాలు చెప్పుకునేవారు. మొన్న మాఘమాసంలో ఎదురింటావిడ దాటిపోయారు. అప్పటినుంచి ఈవిడకు అన్నం సయించడం లేదు. “ఆవిడ నీకేమవుతుందనమ్మా ఇంత బెంగ?” అన్నాడు కొడుకు. తప్పుగా అనలేదు, ప్రేమతోనే అన్నాడు. కాని ఆవిడేమని చెప్పగలరు? ఇంట్లో అందరికీ ఆవిడ అమ్మ, అత్తయ్య, బామ్మ. పేరుపెట్టి పిలిచే మనిషి ఆ ఒక్కరే మిగిలి ఉండేవారు. ఆ పిలుపూ ఆగిపోయింది.

లోకం గుర్తించని ఇటువంటి దుఃఖాన్ని గురించి అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లో ఒక గ్రంథమే వెలువరించాడు. ఆస్ట్రేలియాలో 26 వేలమందికి పైగా జనుల వివరాలు పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితం ఇంకా ఆలోచించదగినది. ఆప్తమిత్రుల మరణం మనసుమీదా, ఒంటిమీదా నాలుగేళ్లదాకా ప్రభావం చూపుతుందట. ఆడవారికీ, నలుగురితో కలవని వారికీ ఆ బాధ మరింత ఎక్కువట.

కాబట్టి “మరిచిపొండి” అని తొందరపెట్టకండి. పోయినావిడ కబుర్లు మీరే అడిగి చెప్పించుకోండి. వత్తుల బుట్ట అటకెక్కించకుండా, ఓ సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టండి. గుడికో, పురాణానికో తోడు తీసుకువెళ్లండి. నిద్రాహారాలు వారాల తరబడి కుదుటపడకపోతే వైద్యునికి చూపించడం మంచిది. వృద్ధులకోసం ప్రభుత్వం నడిపే 14567 నంబరుకు ఫోను చేసినా ఊరడించి, సలహా చెబుతారు.

పెద్దవారికి కూడా ఒక మనవి. కొత్త స్నేహం చేస్తే పాతదానికి ద్రోహం చేసినట్టు కాదు. ఇన్నాళ్లూ ఒకరి దగ్గర పొందిన ఆదరణ ఇంకొకరికి పంచడమే అది. మీలాగే మాటకు ముఖం వాచినవారు పక్కవీధిలో ఉండకపోరు.

దుఃఖానికి చుట్టరికం అడగడం మానేద్దాం. ముందు కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుందాం.